శరత్కాలపు వారము: ఆకాశవార్తయు, చెరువువార్తయు

(గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ఈ దినమున నేను చెప్పదలచిన విషయము చిన్నది. శరత్కాలమున ఒక వారము దినముల వాతావరణ సూచన చేతికి వచ్చినప్పుడు, చెరువు ప్రక్కనున్న ఊరివారు దానిని ఎట్లు చదువుకొనవలెను అనునదియే ఆ విషయము. ఉదాహరణకు హైదరాబాదు నగరమునకు తూర్పుననున్న ఉప్పల్, నాచారము ప్రాంతమును తీసికొనుచున్నాను. అవి నేడు గ్రామములు కావు గదా, వాటి మాట మాకేల అని మీరు అడుగవచ్చును. ఆ ప్రశ్నకు సమాధానము కొంతసేపటికి మీకే తోచును.

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక గ్రామమున, ఇట్టి కాలముననే, నేను వాతావరణ సూచనను సభలో చదివి వినిపించితిని. "జిల్లాలో ఒకటి రెండు చోట్ల భారీ వర్షములు కురియు అవకాశము కలదు" అని అందున్నది. చదివి కాగితము మడుచుకొనుచుండగా, వెనుక వరుసలోనున్న ఒక వార్డు సభ్యురాలు లేచి ఇట్లనెను: "వాన పడుతదా పడదా అన్నది కాదు సారూ నేనడిగేది. మా ఇల్లు కట్ట కింద ఉన్నది. ఈ రాత్రి పిల్లలను ఇంట్ల పండబెట్టుకోవచ్చునా లేదా, అది చెప్పుండ్రి."

నా చేతి కాగితములో ఆ ప్రశ్నకు జవాబు లేదు. ఆ జవాబు ఎక్కడ నుండునో వెదకుటయే నేటి ప్రసంగము.

ఋతువు స్వభావము

నైరుతి ఋతుపవనములు జూన్ నెల మొదటి భాగమున మన ప్రాంతమున ప్రవేశించి, సాధారణముగా అక్టోబరు నడిమికి మరలిపోవును. హైదరాబాదు ప్రాంతమున సంవత్సరమునకు సుమారు 80 సెంటీమీటర్ల వాన కురియును. అందులో అధికభాగము సెప్టెంబరు ముగియులోపలనే పడును. హస్త కార్తె వచ్చుసరికి చెరువులు చాలవరకు నిండియుండును. నేల తడిసి, ఇక త్రాగలేని స్థితిలో నుండును.

అప్పుడు ఆకాశము తెల్లబడును. ఉదయమున గడ్డిమీద మంచు, మధ్యాహ్నమున 30 డిగ్రీల ఎండ, రాత్రి 20 డిగ్రీల చల్లదనము. ఆడపడుచులు బతుకమ్మలు పేర్చుకొని చెరువుగట్టునకు పోవు దినములవి. ఒకవైపు వరి కంకులు పాలుపోసికొని పండుచుండును, మరియొకవైపు ప్రత్తి కాయలు విచ్చుకొనుచుండును. వానలు వెళ్లిపోయినవని అందరును ఊపిరి పీల్చుకొందురు.

ప్రమాదము ఇచ్చటనే యున్నది. అక్టోబరు, నవంబరు మాసములు బంగాళాఖాతమున వాయుగుండములు, తుపానులు ఎక్కువగా పుట్టు కాలము. సముద్రమున పుట్టిన అల్పపీడనము బలపడి తీరము దాటి, మూడు నాలుగు దినములలో మన మీదికి రావచ్చును. ఖాళీ కుండలో బిందెడు నీరు పోసినను నిలుచును. నిండుకుండలో చెంబెడు పోసినను పొర్లును. ఆషాఢమున ఊరికి మేలు చేసిన వానయే ఆశ్వయుజమున కట్టను తెంపవచ్చును. వాన కొలత ఒక్కటే యైనను, అది పడు చెరువు స్థితి వేరు.

ఇది మన పెద్దలు కన్నీటితో నేర్చుకొన్న పాఠము. 1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి హైదరాబాదు నగరమును ముంచెను. వేలకొలది జనులు మరణించిరి. ఆ పిమ్మట నిజాము ప్రభుత్వము పిలిపించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య విచారించి చూడగా, మూసీ పరీవాహక ప్రాంతమున 788 చెరువులుండగా, వాటిలో 221 చెరువులకు గండ్లు పడినట్లు తేలెను. మన చెరువులు గొలుసుకట్టు చెరువులు. పైచెరువు మత్తడి దూకిన నీరు క్రింది చెరువునకు చేరును. పైకట్ట తెగినచో ఆ నీరంతయు ఒక్కుమ్మడిగా క్రింది కట్టమీద పడును. నగరమునకు ఎగువన ఉస్మాన్ సాగరము 1920లోను, హిమాయత్ సాగరము 1927లోను పూర్తియగుటకు ఆ వరదయే కారణము.

2020 అక్టోబరు వారము

ఇక మన కాలపు ఉదాహరణము. 2020 అక్టోబరు 11వ తేదీ ఆదివారమున బంగాళాఖాతమున వాయుగుండ మేర్పడెను. సోమవారమున అది తీవ్ర వాయుగుండమాయెను. 13వ తేదీ మంగళవారము ప్రాతఃకాలమున కాకినాడ సమీపమున తీరము దాటి, అదే దినమున తెలంగాణము మీదుగా పడమటికి సాగెను. ఆ సాయంకాలమును, రాత్రియు వాన కురిసెను. బుధవారము ఉదయము కొలిచి చూడగా హైదరాబాదు బేగంపేటలో 19.2 సెంటీమీటర్లు నమోదయ్యెను. ఉప్పల్‌కు తూర్పున వరంగల్ రహదారిమీదనున్న ఘట్‌కేసర్ వద్ద 32.3 సెంటీమీటర్లు నమోదయ్యెను. ఏడాది వానలో మూడవవంతుకు పైగా ఒక్క దినమున పడినదన్న మాట.

ఉప్పల్, రామాంతపూర్ లోతట్టు కాలనీలు నీట మునిగినవి. అంతటితో ముగియలేదు. శనివారము, 17వ తేదీ సాయంకాలము మరల భారీ వాన కురిసెను. నగరపు దక్షిణ భాగమున బాలాపూర్ వద్ద గుర్రం చెరువు కట్ట ఆ రాత్రి తెగెను. ఆ వారమున రాష్ట్రమున పదుల సంఖ్యలో జనులు ప్రాణములు కోల్పోయిరి.

ఈ వారమును మరియొకసారి జ్ఞాపకము చేసికొనుడు. ఆదివారమున వార్త సముద్రము మీదిది. మంగళవారము రాత్రికి అది మన వాకిటికి వచ్చినది. నడుమ రెండు దినముల వ్యవధి యున్నది. శనివారపు వాన మొదటి వానకంటె చిన్నదైనను, నిండిన చెరువులపై పడుటచే హాని చేసినది. వాన వెలసినదని కావలి విడువరాదని ఆ శనివారము మనకు నేర్పినది.

సూచనలోని మాటలు

భారత వాతావరణ శాఖ 1875లో స్థాపింపబడినది. ఆ శాఖవారి సూచనలో ప్రతి మాటకును ఒక కొలత కలదు. అది తెలియనిచో సూచన చదివియు చదువనట్లే.

24 గంటలలో 64.5 మిల్లీమీటర్లు మొదలుకొని 115.5 మిల్లీమీటర్ల వరకు పడిన వానను "భారీ వర్షము" అందురు. 115.6 నుండి 204.4 మిల్లీమీటర్ల వరకు పడినది "అతి భారీ వర్షము". అంతకు మించినది "అత్యంత భారీ వర్షము". ఈ లెక్కలో దినమనగా ఒక ఉదయము 8:30 గంటల నుండి మరునాటి ఉదయము 8:30 వరకు.

"ఒకటి రెండు చోట్ల" అనగా ఆ ప్రాంతమునందలి వానకొలత కేంద్రములలో నాలుగవవంతుకు మించకుండ అని అర్థము. "కొన్ని చోట్ల" అనిన సగము వరకు, "చాలా చోట్ల" అనిన ముప్పాతిక వరకు, "దాదాపు అన్ని చోట్ల" అనిన అంతకు మించి అని తెలిసికొనవలెను. "ఒకటి రెండు చోట్ల" అని వినగానే "అది మన ఊరు కాదులే" అనుకొనుట మానవ స్వభావము. కాని ఆ ఒకటి రెండు చోట్లలో మన చోటు ఒకటి కాదని ఆ మాటలో ఎక్కడను లేదు. 2020లో బేగంపేటకును ఘట్‌కేసర్‌కును నడుమ వచ్చిన భేదమును చూచితిమి. ఒకే రాత్రి, ఒకే వాయుగుండము. వానలో మాత్రము 13 సెంటీమీటర్ల తేడా.

ఇక రంగులు. ఆకుపచ్చ యనగా హెచ్చరిక లేదు. పసుపు యనగా గమనించుచుండుడు. నారింజ యనగా సిద్ధముగా నుండుడు. ఎరుపు యనగా వెంటనే పని చేయుడు. ఎరుపు వచ్చువరకు వేచియుండి, అప్పుడు సిద్ధపడ మొదలిడుట పొరపాటు. సిద్ధపడవలసిన దినము నారింజ దినమే.

వారము సూచనలో మరియొక సంగతి కలదు. మొదటి రెండు దినముల మాట గట్టిది. మూడు, నాలుగు దినముల మాట నమ్మదగినదే కాని మారవచ్చును. ఆరవ, ఏడవ దినముల మాట గాలి ఎటు వీచునో తెలుపు గుర్తువంటిది. కావున సోమవారమున చదివిన సూచనను శుక్రవారము వరకు దాచుకొనరాదు. ప్రతి ఉదయమును క్రొత్తదానిని చదువవలెను. రైతులకు వ్యవసాయ వాతావరణ సలహాలు వారమునకు రెండుసార్లు, మంగళ శుక్రవారములలో వెలువడును. 2024 అక్టోబరు 24 నుండి గ్రామ పంచాయతీ స్థాయి సూచనలు కూడ ఆరంభమైనవి. అయిదు దినముల సూచనను ఈ-గ్రామ్ స్వరాజ్ లోను, మేరీ పంచాయత్ అను ఫోను యాప్ లోను చూడవచ్చును. పంచాయతీ కార్యదర్శి దానిని ప్రతి ఉదయము నల్లబల్లపై వ్రాసి కార్యాలయపు గుమ్మమున నుంచినచో, ఫోను లేనివారును చదువుకొందురు.

వాన లెక్క

సూచన మిల్లీమీటర్లలో చెప్పును. చెరువు అడుగులలో నిండును. ఈ రెంటిని కలుపు లెక్క పంచాయతీ సభ్యునికి రావలెను.

ఒక చదరపు మీటరు నేలపై ఒక మిల్లీమీటరు వాన పడిన అది ఒక లీటరు నీరు. ఒక ఎకరముపై ఒక సెంటీమీటరు పడిన సుమారు 40 వేల లీటర్లు. ఇప్పుడు ఒక చెరువును ఊహించుకొనుడు. దానికి నీరు వచ్చు నేల 5 చదరపు కిలోమీటర్లు, చెరువు విస్తీర్ణము 50 ఎకరములు. ఒక రాత్రి 10 సెంటీమీటర్ల వాన పడినది. పొలములు, పచ్చిక, చెట్లున్న నేల సగము నీటిని త్రాగినదనుకొందము. మిగిలిన సగము, అనగా 25 కోట్ల లీటర్లు, చెరువునకు చేరును. మత్తడి పారనిచో చెరువు మట్టము సుమారు నాలుగడుగులు పెరుగును.

అదే నేలపై ఇండ్లు, సిమెంటు బాటలు, కార్ఖానాల ముంగిళ్లు పరచుకొన్నచో నీరు ఇంకుటకు చోటుండదు. పదింట తొమ్మిది పాళ్లు పారి వచ్చినచో చెరువు ఏడడుగులకు మించి పెరుగును. వాన ఒక్కటే, చెరువు ఒక్కటే. మారినది నేల మాత్రమే.

నిన్నటి గ్రామములు

ఇప్పుడు ఉప్పల్, నాచారముల మాట. ఉప్పల్ నల్లచెరువు, నాచారము పెద్దచెరువు, రామాంతపూర్ చెరువులు ఒకప్పుడు పొలములకు నీరిచ్చిన ఊరి చెరువులు. ఈ నేల దక్షిణమున మూసీ వైపునకు వాలియున్నది. పైన పడిన వాన వాగులుగా, కాలువలుగా చెరువులలో చేరి, మిగులు నీరు పల్లము వెంట తుదకు మూసీ చేరవలసినదే. మూసీ ఒడ్డున నున్న ఉప్పల్ బాగాయత్ పేరులోనే తోట భూమి యను అర్థ మున్నది.

తరువాత ఆ ప్రాంతము పెరిగినది. నాచారమున పారిశ్రామిక వాడ వెలసినది. 1961లో స్థాపితమైన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఉప్పల్ రోడ్డున నున్నది. ఉప్పల్ కలాన్ పురపాలక సంఘము 2007లో మహానగరమున కలిసినది. 2017 నవంబరులో నాగోలు నుండి ఉప్పల్ మీదుగా మెట్రో రైలు నడిచినది. క్రికెట్ స్టేడియము వచ్చినది. వేలమందికి పనియు, పిల్లలకు చదువును దొరకినవి. ఇది అభివృద్ధియే. దీనిని నేను తప్పుపట్టుట లేదు.

కాని ఇండ్లు కట్టిన తొందరలో నీటి త్రోవలను మరచితిమి. వేసవిలో ఎండి చదునుగా కనబడు శిఖం భూమి ప్లాటుగా తోచినది. ఏడాదిలో నాలుగు దినములే పారు కాలువ వ్యర్థముగా తోచినది. మత్తడి క్రింది వాగు సందుగా మారినది. నీరు మాత్రము తన త్రోవను మరువలేదు. ఆ నాలుగు దినములు వచ్చినప్పుడు అది పాత త్రోవనే వచ్చును, అడ్డమున్న ఇంటి తలుపును తట్టును. ఆ ఇల్లు కొన్నవారిలో అనేకులు జీవితకాలపు పొదుపును పెట్టి కొన్న సామాన్యులు. అది చెరువు నేల యని వారికి చెప్పినవారు లేరు.

మీ గ్రామములకు ఈ కథతో గల సంబంధము ఇదియే. ఉప్పల్, నాచారములు నిన్నటి గ్రామములు. మీ ఊరి ప్రక్కన రహదారి వెడల్పగుచున్నది, భూమి ధర పెరుగుచున్నది, లేఔట్ల రాళ్లు పాతబడుచున్నవి. ఉప్పల్‌లో నేడు కోట్లు వెచ్చించి వెదకవలసిన కాలువ మీ ఊరిలో ఇంకను కన్నుల యెదుట నున్నది. 2002 నాటి నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టము చెరువులను, నీటి త్రోవలను కాపాడుమనుచున్నది. చెరువుల పునరుద్ధరణకై 2015లో మిషన్ కాకతీయ ఆరంభమాయెను. అయినను, కాలువలో మొదటి బండి మట్టి పడిన దినమున దానిని చూచువాడు అధికారి కాడు, ఊరివాడు. ఆ దినమున పంచాయతీ నోరు విప్పవలెను. ఇండ్లు లేచిన పిమ్మట మాటలాడుట అందరికిని దుఃఖకరము.

వారములో చేయదగిన పని

ఇక వారము సూచన వచ్చినప్పుడు ఏ దినమున ఏమి చేయవలెనో చెప్పెదను.

ఋతువు ఆరంభముననే తూము రాతిపై అడుగుల గుర్తులు రంగుతో వేయించుడు. మత్తడికి ఇంకెన్ని అడుగులు మిగిలియున్నవో నీరటి ప్రతి ఉదయము చూచి చెప్పవలెను. పంచాయతీ ముంగిట, చెట్లకు దూరముగా, నిలువు అంచులుగల పాత్ర నొకదానిని సమతలముగా నుంచి, ఉదయము 8:30కి అందలి నీటిని స్కేలుతో కొలిచి పుస్తకమున వ్రాయుడు. రెండేండ్లు వ్రాసినచో, ఎంత వానకు మీ చెరువు ఎన్ని అడుగులు నిండునో మీకే తెలియును.

బంగాళాఖాతమున అల్పపీడనమని వార్త వచ్చిన దినమున మత్తడిని శుభ్రపరచుడు. ముళ్లకంపలను, గుఱ్ఱపుడెక్కను తీయించుడు. చేపలు దాటిపోకుండ మత్తడికి అడ్డముగా కట్టిన వలలను, తడికలను ఆ వారమునకు తీసివేయుమని మత్స్యకార సోదరులకు నచ్చజెప్పుడు. కట్టపై ఎలుక బొరియలు, పగుళ్లు, తడి చెమ్మలు కలవేమో నడచి చూడుడు. ఇసుక బస్తాలు సిద్ధపరచి, నీటిపారుదల ఇంజనీరునకు తెలియజేయుడు.

రెండు దినములు ముందుగా పల్లపు ఇండ్ల జాబితా తీయుడు. ముసలివారు, గర్భిణీ స్త్రీలు, పసిబిడ్డలు ఎవరింట నున్నారో వ్రాసికొనుడు. పాఠశాల తాళపుచెవి ఎవరివద్ద నున్నదో ఆ దినమే తెలిసికొనుడు, అర్ధరాత్రి వెదకరాదు. కోసిన వరి కల్లములోనో, కొనుగోలు కేంద్రమునందో ఉన్నచో టార్పాలిన్లు కప్పించుడు. కోతకు వచ్చిన పైరును ముందు కోయుటయా, వేచియుండుటయా అను విషయమున వ్యవసాయాధికారిని అడుగుడు.

ముందు దినమున డప్పు చాటింపు వేయించుడు. చాటింపులో "భారీ వర్షములు" అని మాత్రమే చెప్పింపకుడు. "చెరువు మత్తడికి అడుగున్నర దూరముననున్నది, పల్లపు వాడవారు రాత్రి బడికి రావలెను" అని చెప్పింపుడు. జనులు వినునది అట్టి మాటయే.

వాన దినమున కట్టమీద వంతులవారీగా కావలి యుండవలెను. పారుచున్న వాగును, కాజువేను ఎవ్వరును దాటరాదు. మోకాలి లోతు ప్రవాహము మనిషిని పడగొట్టును. ఉరుము వినబడినచో చెట్టుక్రింద నిలువరాదు, పొలము విడిచి పక్కా కప్పు క్రిందికి చేరవలెను. మరియొక ముఖ్య విషయము: మీ ఊరు గట్టెక్కవలెనని మత్తడిని తెగగొట్టకుడు, క్రింది ఊరికి చెప్పక తూములెత్తకుడు. గొలుసుకట్టులో మీ మిగులు మరియొకరి వరద. పై ఊరి సర్పంచి ఫోను సంఖ్య, క్రింది ఊరి సర్పంచి ఫోను సంఖ్య మీ గోడపై నుండవలెను.

వాన వెలసిన పిమ్మట మూడు దినములు కావలి సాగింపుడు. 2020 నాటి శనివారమును మరువకుడు.

ముగింపు

సోదర సోదరీమణులారా, ఆనాటి వార్డు సభ్యురాలి ప్రశ్నకు తిరిగి వచ్చుచున్నాను. "ఈ రాత్రి పిల్లలను ఇంట్ల పండబెట్టుకోవచ్చునా?" ఎంత వాన రావచ్చునో వాతావరణ శాఖ చెప్పగలదు. ఉపగ్రహమును, రాడారును మేఘమును చూడగలవు. కాని మత్తడికి ఇంకెన్ని అడుగులున్నవో, కట్టకు చెమ్మ పట్టినదో లేదో, ఏ ఇల్లు ఎంత పల్లమున నున్నదో వాటికి తెలియదు. అది మీకు తెలియును. ఆకాశవార్త బేగంపేట నుండి వచ్చును. చెరువువార్త మీ కట్టమీదనే పుట్టును. ఈ రెంటిని ఒక్కచోట చేర్చిననే ఆ తల్లి ప్రశ్నకు జవాబు దొరకును. చేర్చగలవాడు పంచాయతీ సభ్యుడొక్కడే.

ఆనాడు ఆమెకు నేను చెప్పలేకపోయితిని. కాగితము మడుచుకొని, సర్పంచిని వెంటబెట్టుకొని కట్టమీదికి పోయితిని. మత్తడికి రెండడుగులు మిగిలియుండెను. ఆ రాత్రి పల్లపు వాడలోని పండ్రెండు కుటుంబములు బడిలో నిదురించినవి. వాన కొద్దిగానే పడి పోయినది. మరునాడు కొందరు నవ్విరి. ఆ వార్డు సభ్యురాలు మాత్రము నవ్వలేదు. "పిల్లలు మంచిగ నిద్రపోయిన్రు సారూ" అని మాత్రము అనెను.

మీ అందరి గ్రామములలోని పిల్లలును ఈ శరత్కాలమున అట్లే సుఖముగా నిద్రింతురు గాక.